నా ఇరవై మూడేళ్ల సర్వీసు

సర్కారు ఆసుపత్రుల్లో మేం కొత్తగా చేరిన కాలంలో జబ్బుల పేర్లు ఒక నెలకే వంటబట్టేవి గానీ, గ్రేడుల సంగతి మాత్రం రిటైరయ్యేదాకా అంతుబట్టేది కాదు. కాంపౌండర్లలో సెకండు గ్రేడు, ఫస్టు గ్రేడు అని రెండు రకాలుండేవి. పనిలో తేడా ఏమిటో ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. జీతంలో తేడా మాత్రం అందరూ ఒకేలా చెప్పేవారు. నేను అరవైల మొదట్లో పెనుకొండ ఆసుపత్రిలో సెకండు గ్రేడులో చేరాను. ఆ మందుల గదిలో అనుభవంలో నాకు చాలా పైవాడూ, గ్రేడులో మాత్రం నాతో సమానుడూ అయిన ఒకాయన ఉండేవాడు. విచిత్రమేమిటంటే మా ఇద్దరి పేరూ ఒకటే. (ఆ పేరు ఇక్కడ రాయను. మా వైపు వీధికి ముగ్గురుండేవారు.) ఇంటిపేర్లు వేరైనా, ఒకరిని పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం. అందుకని జనమే సర్దుబాటు చేసుకుని నన్ను ‘చిన్న కాంపౌండరు’ అనీ, ఆయన్ని ‘గీతలాయన’ అనీ అనేవారు. రోగులు ఇంటినుంచి తెచ్చుకున్న సీసాల్లో మిక్స్చరు పోసి, మోతాదు తెలిసేలా కాగితం ముక్కకు గీతల్లాంటి గాట్లు పెట్టి సీసాకు అతికించడంలో ఆయనకు సాటి లేదు. నేను మాత్రం ఆయన్ని మామా అనేవాణ్ణి.

నాకు రెండేళ్ల సర్వీసు నిండాక ఒక సర్క్యులరు వచ్చింది. హిందూపురం ఆసుపత్రిలో ఫస్టు గ్రేడు కాంపౌండరు ఉద్యోగం ఖాళీగా ఉందనీ, అర్హులు ‘త్రూ ప్రాపర్ ఛానల్’ దరఖాస్తు చేసుకోవాలనీ దాని సారాంశం. నేను గట్టిగా చదివి వినిపిస్తే మామ శ్రద్ధగా విని, “ఛానలంటే కాలువ గదప్పా. పెనుకొండలో కాలువ యాడుండాది?” అన్నాడు. పై అధికారి చేతుల మీదుగా పంపాలని దాని అర్థమని పెద్దరికంగా చెప్పాను. (ఆ అర్థం నాకు తెలిసి గంట కూడా కాలేదు. డాక్టరుగారిని అడిగి వచ్చాను.)

ఆ ఆదివారం ధర్మవరం వెళ్లి మా నాయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన మగ్గం గుంటలోంచే చేతిలో పని ఆపి నన్ను జాలిగా చూశాడు. “రెండులో ఉండేవాడివి ఒకటికి పోతానంటాండావే. దిగేదానికి ఎవురన్నా అర్జీ పెడ్తారా?” అన్నాడు. గ్రేడుల్లో చిన్న అంకె పెద్దదని చెప్పాను. బడిలో ఒకటో తరగతికంటే రెండోదే పెద్దది కదా అన్నాడు. పట్టులో మొదటి రకం, రెండో రకం ఉన్నట్టే ఇదీ అన్నాను. అది ఒప్పుకున్నాడు గానీ, మరి బడిలో ఎందుకట్లా పెట్టారని మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి జీతం పెరుగుతుందని చెప్పాక చర్చ ముగిసింది. సాయంత్రం నేను స్టేషనుకు నడిచేసరికి మా వీధిలోని మగ్గాలన్నింటికీ కబురు అందింది. హిందూపురానికి కాపురం ఎప్పుడు మారుస్తున్నావని దారిలో ముగ్గురు అడిగారు. నేనింకా దరఖాస్తు కాగితమే కొనలేదు.

మర్నాడు మందుల గదిలో కూర్చుని దరఖాస్తు రాస్తుంటే మామ పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. చూసి చూసి, తనకూ ఒకటి రాసిపెట్టమన్నాడు. తన ఇరవై ఒక్కేళ్ల సర్వీసులో ఆయన ఎన్నడూ పై గ్రేడు కావాలని అడిగినవాడు కాదు. మందుచీటీలు గడగడా చదివేవాడు గానీ ఇంగ్లీషులో ఒక వాక్యం రాయమంటే చెమటలు పట్టేవి. ఆయన బరిలో ఉంటే నా మొహం ఎవరు చూస్తారు? అయినా కాదనలేక రాశాను. నాకున్న ఇంగ్లీషు నాలుగు వాక్యాలకే అయిపోవడంతో, తక్కిన వివరాలు జతపరిచిన కాగితాల్లో చూడవలసిందని ఇద్దరికీ ఒకేలా ముగించాను. డాక్టరుగారు ఇద్దరికీ సర్వీసు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఓపీ రద్దీలో హడావిడిగా రాయడంవల్ల ఇంటిపేర్లు వదిలేశారు. నా కాగితాల్లో ఎస్సెస్సెల్సీ మార్కుల నకలు ఉంది. మామ కాగితాల్లో ఎప్పుడో బదిలీ అయిపోయిన ఒక పాత డాక్టరు ఇచ్చిన యోగ్యతాపత్రం ఉంది. అన్నీ రెండు కవర్లలో పెట్టి ఆసుపత్రి జిగురుతో గట్టిగా అతికించాను. ఏది దేంట్లో పెట్టానో నాకు బాగా తెలుసుననే అనుకున్నాను.

ఇంటర్వ్యూకి ఇద్దరికీ పిలుపొచ్చింది. ఒకే రైల్లో హిందూపురం వెళ్లాం. మామ ఉతికి గంజిపెట్టిన చొక్కా నలగకుండా దారి పొడుగునా నిటారుగా కూర్చున్నాడు. ఆసుపత్రి వరండాలో పదిమందికి పైగా ఉన్నారు. గుమాస్తా మా పేరు పిలవగానే ఇద్దరం లేచాం. ఒక్కరు చాలన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. చివరికి ఇంటిపేరు చూసి నన్ను లోపలికి పంపాడు.

జిల్లానుంచి వచ్చిన అధికారి పొద్దుటినుంచి అభ్యర్థుల్ని చూసీ చూసీ అలిసిపోయి, కాగితం మీంచి తల ఎత్తకుండా ఇంగ్లీషులో, “ఇరవై ఒక్క సంవత్సరాలా?” అన్నారు. నా వయసు తప్పు పడిందనుకుని, కాదు సార్, ఇరవై మూడు అన్నాను. ఆయన ఎర్ర పెన్సిలుతో దిద్దుకున్నారు. కలరా వచ్చిన ఏడాది పల్లెల్లో మీ సేవ చాలా గొప్పదని డాక్టరు రాశారే అన్నారు. నేను తికమకపడ్డాను. ఆ ఏడు నేను మా అవ్వ చంక దిగేవాణ్ణి కాదు. “అప్పటికి నాలుగేళ్లే సార్” అన్నాను వినయంగా. నాలుగేళ్లకే అంత పనితనమా అని ఆయన మెచ్చుకున్నారు. పెద్ద ఉద్యోగాలకు ఇలాగే మాట్లాడతారు కాబోలని సరిపెట్టుకున్నాను. చివరికి తలెత్తి నన్ను చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. “మీరు వయసు బొత్తిగా కనబడనివ్వరండీ” అన్నారు. ఆర్డరు పోస్టులో వస్తుందని చెప్పి పంపించారు. బయటికొస్తుంటే నా కాళ్లు నేలమీద లేవు.

తరవాత మామ వెళ్లాడు. వెళ్లినంత త్వరగానే తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏమన్నారని అడిగితే, ఈ వయసులో ఎస్సెస్సెల్సీ పాసైనందుకు మెచ్చుకున్నారని చెప్పాడు. ఇంకా ఏమన్నారన్నాను. ఆయన తన చేతుల వంక చూసుకుంటూ, “నా సర్వీసు రెండేండ్లే అంటప్పా. దొరలు కాగితం చూసి చెప్పినారు. నేనే లెక్క తప్పు పెట్టుకుంటినేమో” అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. కవర్లలో కాగితాలు తారుమారయ్యాయి. ఆ మాట వినగానే లేచి లోపలికి పరుగెత్తానని రాసుకోవాలని ఉంది గానీ, అది అబద్ధం. చాలాసేపు ఆ బెంచీమీదే కూర్చున్నాను. ధర్మవరంలో మా వీధి కళ్లముందు కనిపించింది. గమ్మునుంటే ఆర్డరు దానంతటదే వస్తుంది. పక్కన మామ వేళ్లు మడుస్తూ, ఏ ఏడు ఏ డాక్టరు ఉన్నాడో పేర్లు గొణుక్కుంటూ, తన ఇరవై ఒక్కేళ్లనీ మొదటినుంచీ లెక్కపెట్టుకుంటున్నాడు. సగంలో ఎక్కడో ఆగిపోయి, ఒక డాక్టరు పేరు గుర్తురాక నన్నడిగాడు. నేను ఉద్యోగంలో చేరకముందెప్పుడో వెళ్లిపోయిన మనిషి ఆయన. ఇక కూర్చోలేక లేచాను.

అధికారికి జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, “అయితే నువ్వెవరు?” అన్నారు. (మీరు పోయి నువ్వు వచ్చింది.) నా పేరు చెప్పాను. “బయట ఉన్నతను?” అన్నారు. మళ్లీ అదే పేరు చెప్పాను. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు. తరవాత మామని పిలిపించి, కాగితాలన్నీ బల్లమీద పరిచి, ఏది ఎవరిదో మాచేతే వేరు చేయించారు. కడుపునొప్పి మిక్స్చరులో ఏమేం కలుపుతావని మామని అడిగారు. మామ మందులు చెప్పి, మోతాదులు చెప్పి, చంటిపిల్లలు ఉమ్మేస్తే ఎట్లా తాగించాలో కూడా చెప్పాడు. ఆ ఉద్యోగం ఎవరిదో ఇక నన్ను అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఇరవై మూడేళ్ల సర్వీసు ఉందని చెప్పినందుకు సంజాయిషీ ఇమ్మని నాకొక మెమో మాత్రం వచ్చింది. మా నాయన, మావాడు దిగకుండా రెండులోనే నిలబడ్డాడని వీధికంతా సర్ది చెప్పుకున్నాడు.

మామ హిందూపురం వెళ్లిన కొన్ని నెలలకు ఏదో పనిమీద ఆ ఊరెళ్లి ఆయన్ని చూడబోయాను. చేతుల కుర్చీ, పెద్ద బల్ల, బల్లమీద స్టాకు రిజిస్టరు. గోడకవతల ఎవరో కుర్రకాంపౌండరు మందు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. మామ దాన్ని చెవి రిక్కించి వింటూ, నీళ్లు ఎక్కువ పోస్తున్నాడని నాతో చెప్పాడు. ఫస్టు గ్రేడుకు మందు కలిపే పని లేదట. పొద్దస్తమానం రిజిస్టరు చూసుకోవాలట. తలుపు వైపొకసారి చూసి, గొంతు తగ్గించి, “ఆ పొద్దు నువ్వు గమ్మునుండింటే బాగుండు గదప్పా” అన్నాడు.

అన్ని నెలలూ నేనేదో మహాత్యాగం చేశానని లోలోపల మురిసిపోతూ, ఎవరైనా అడిగితే చెబుదామని చూస్తూ తిరిగాను. ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం పెనుకొండ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నేను చేసింది మంచో చెడో తేల్చుకోలేక తల పట్టుకున్న ఆ సన్నమీసాల కుర్రవాడు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడికి సమాధానం చెబుదామనే ఉంటుంది. ఇన్నేళ్లయినా నాకూ తెలియలేదు మరి.