మంచిగుంది, ఆడ పెట్టు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో కాళ్ళు పట్టు తప్పాక, దేవరకొండలోని మా చిన్నమ్మ చక్రాల కుర్చీలోనే గడిపేది. నేను ఏది కొని తీసుకెళ్ళినా వేళ్ళతో తడిమి, "మంచిగుంది బిడ్డా, ఆడ పెట్టు" అనేది. మెత్తటి దిండు, చిన్న ఫ్యాను, మనుషుల్ని పిలవడానికి గంట, అన్నీ కిటికీలోనే ఉండిపోయేవి.

ఒక ఎండాకాలం విసిగి అడిగాను. "మరి నీకేం గావాలె చిన్నమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది. ఆమె లోపల పడిపోతే తెలియదన్న భయంతో చిన్నాయన దాన్ని ఎన్నడూ వెయ్యనివ్వడు. వచ్చేపోయేవాళ్ళు తొంగిచూసి, అయ్యో అనుకుంటూ పోతారు.

"లోపల గొళ్ళెం పెట్టియ్యి. నాకందేటట్టు, కిందికి."

"తలుపేసుకొని ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. ఎట్లయినా గీ అర్రలనే ఉండుడాయె. జరసేపన్న నేనేసుకున్న తలుపెనుక ఉంట."