వద్దన్నవాళ్లే నడిపిన బండి

మొన్న పర్వత్ పాటియా సిగ్నల్ దగ్గర ఒక పెద్ద బండి వచ్చి నా పక్కన ఆగింది. డుగుడుగుమని ఆ చప్పుడు గుండెల్లోకి దిగుతుంటే యాదవ్వక్క గుర్తొచ్చింది. ఆ చప్పుడంటే ఆమెకు మోజు. అలాంటి బండిని ఒకసారి ఓడించానని చెప్పుకోవడం నాకు మోజు.

యాదవ్వక్క సిరిసిల్ల నుంచి ఈ పరాయి రాష్ట్రపు నగరానికి వచ్చి, వడోద్ పేటలో మగ్గాల కార్మికులకు మెస్ నడిపేది. లాక్‌డౌన్‌లో నా ట్యూషన్లు ఆగిపోయాక ఆమె వంటింట్లో చేరాను. అక్కడ ఒకటే చట్టం: వంక పెట్టినవాళ్లే ఆ పని చేసి చూపాలి. మొదటి రోజే పప్పులో పులుపు ఎక్కువైందన్నాను. "గట్లనా? రేపటి పప్పు నీదే, టీచరమ్మా," అని గరిటె నా చేతికిచ్చింది. అంతకుముందు నా నోటికి జడిసి పని మాన్పించినవాళ్లే గాని, పని చెప్పినవాళ్లు లేరు.

కరోనా సోకిన వాళ్లున్న గల్లీకి వెదురు బొంగులు కట్టేశారు. లోపలున్న మగ్గాల పనివాళ్లకు మా అన్నమే దిక్కు. డబ్బాలు చేరవేసే ఆటో అతను చూస్తే ఊరెళ్లిపోయాడు. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న మన తెలుగాయన ఒకరు తన మూడొందల యాభై సీసీ బండి వాడుకోమన్నాడు. ఊరికి పోతున్న కార్మికుడొకడు తన వంద సీసీ బండి తాళం ఇచ్చాడు. పోలీసులు పాస్ ఇస్తామన్నది మాత్రం ఒక్క బండికే.

"పెద్దదే," అంది యాదవ్వక్క. "ఏనుగు లెక్క ఉంది. అన్నం గంజులకు గంజులే మోస్తది."

నేను ఫోన్‌లో రెండింటి వివరాలూ తీశాను. "అక్కా, అది నూట తొంభై కిలోలు. ఇది నూట పది. దానికి పోసే పెట్రోలుతో ఇది రెండింతలు పోతది. గల్లీలో వెనక్కి తిప్పాల్నంటే ఏనుగును ఎవరు నెడతరు?"

"గుంజే జోరు చెప్పవేంది? అది దాచిపెడ్తున్నవా?"

"దాని జోరుల మూడో వంతు కూడా లేదు దీనికి," ఒప్పుకోక తప్పలేదు.

"మరి డబ్బాలన్నీ ఒక్కసారి గుంజదు గద. రెండుసార్లు తిరగాలె."

"తిరిగితే ఏమైతది? తిరుగుదాం!"

ఆమె నవ్వింది. "తిరుగుదాం కాదు, నువ్వు తిరుగుతవ్. పెద్దది వద్దన్నది నువ్వే."

వరంగల్‌లో కాలేజీ రోజుల్లో తమ్ముడి బండి నడిపినదాన్ని. ఆ తర్వాత గేర్లు ముట్టలేదు. మర్నాడు పొద్దున మెస్ సందులోనే బండి రెండుసార్లు ఆగిపోయింది. యాదవ్వక్క గుమ్మంలో నిలబడి, "జర క్లచ్ మెల్లగ ఇడువు, అది నీ నోరు కాదు," అని అరిచింది.

గల్లీ మొదట్లో బొంగుల మధ్య మనిషి పట్టేంత సందే ఉంది. హ్యాండిల్ వంచి, ఒక కాలు నేల మీద ఆనించి దూర్చాను. డబ్బాలు దించి, బండిని ఒక్కదాన్నే వెనక్కి లాగి, మిగతావి తెచ్చాను. రెండో విడత చేరేసరికి కూడా అన్నం పొగలు కక్కుతూనే ఉంది. కిటికీలోంచి ఒకతను, "మేడమ్, మీరే తెచ్చిన్రా?" అన్నాడు. మరి నేనే!

తిరిగొచ్చి చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "చూసినవా అక్కా, గెలిచిన," అన్నాను. ఆమె అప్పటికే ఇంజనీరుకు ఫోన్ చేస్తోంది. "నీ బండి నీ దగ్గర్నే ఉండనియ్ బిడ్డా. మా టీచరమ్మ దాన్ని ఓడగొట్టింది." ఆ గొంతులో ఉన్న గర్వం మా ఇంట్లోవాళ్ల నోటెంట నేనెన్నడూ వినలేదు.

యాదవ్వక్క ఇప్పుడు లేదు. నేను మళ్లీ పాఠాలు చెబుతున్నాను, ఈసారి బడిలో. మీటింగుల్లో ఇప్పటికీ వద్దంటాను. కానీ అనేసి ఊరుకోను, ఆ పని నాకివ్వమంటాను. నోరు తగ్గించుకోమని లోకమంతా చెప్పింది. నోటికి తగ్గ పని చూపించింది ఆమె ఒక్కతే.