వాచీ లెక్కకు రాని నడక

కళ్లారా చూశానన్నంత మాత్రాన అది రుజువు కాదని జీవితమంతా వాదించాను. దయ్యాన్ని చూశామన్నవాళ్లను హేతువాద సభల్లో నిలబెట్టి, "మీ మాట తప్ప ఇంకేముంది?" అని అడిగేదాన్ని. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నామీదికే తిరిగింది.

మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ నడవమన్నారు. అమ్మాయి నా ఎడమచేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టింది. తను ఆఫీసులో ఉన్నా నా నడక తన ఫోన్‌లో కనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అమ్మా, ఇవాళ వాకింగ్ స్కిప్ చేశావా?"

"చెరువు దాకా వెళ్లొచ్చానే!"

"వంటింట్లోకి వెళ్లొచ్చావేమో. యాప్‌లో ఏం లేదు మరి."

నవ్వుకున్నాం. మర్నాడూ అదే మాట. ఆ తర్వాత అమ్మాయి వెక్కిరించడం మానేసి, "సర్లే అమ్మా, రెస్ట్ తీసుకో" అంది మెత్తగా. మా అక్కకి మతిమరుపు మొదలైనప్పుడు మేమూ ఇలాగే మెత్తబడ్డాం.

చెరువులో బాతులు గుర్తున్నాయి. కానీ అవి ఇవాళ్టివా, నిన్నటివా? పచ్చికకు నీళ్లు చిమ్మే గొట్టాల పక్కనుంచి వస్తాను కదా అని చీర అంచు తడిమి చూసుకున్నాను. పొడిగా ఉంది. టెక్సాస్ ఎండకు నూలుచీర ఇల్లు చేరేలోపే ఆరిపోతుంది. లేదా నేను అసలు గడప దాటలేదు. ఏది నిజమో చెప్పేవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. అందరూ కార్లలో పోయేవాళ్లే.

ఆ వారమే పక్కగదిలో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్న అమ్మాయి గొంతు వినిపించింది: "మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. తనకింకా చెప్పలేదు." వాచీ ఉన్న చేతిని కొంగు కింద దాచుకున్నాను. అది నన్ను చూస్తోందనిపించింది. నాలాంటిదానికి అలా అనిపించడమే ఇంకో భయం.

ఆదివారం అమ్మాయిని వెంట రమ్మన్నాను. "నేను నడుస్తాను. నువ్వు అడుగులు లెక్కపెట్టు. వాచీ కూడా పెడుతుంది. చూద్దాం."

"డిబేట్ మొదలెట్టావా?" అంటూనే వచ్చింది. ఇద్దరం చెరువు దగ్గర ఆగాం. అమ్మాయి తన లెక్క చెప్పి, అంకె మారని వాచీ వైపు చూసి, నా చెయ్యి వైపు చూసింది. కొత్త మోకాలు తడబడుతుందేమోనని కుచ్చిళ్లు పైకెత్తి ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"అమ్మా! చెయ్యి కదిలితేనే కదా దానికి తెలిసేది! నువ్వేమో కుచ్చిళ్లు వదలవు!"

కుచ్చిళ్లు వదిలి నడిచాను. అప్పుడూ సగం అడుగులు లెక్కకు రాలేదు. నా నడక మరీ నెమ్మది, అడుగు నేల విడిచీ విడవనట్టు పడుతుంది. చేతులూపుకుంటూ చకచకా నడిచే పడుచువాళ్ల మీదే ఈ వస్తువును పరీక్షించి ఉంటారు. ముసలివాళ్ల చేతికి కట్టేముందు ముసలివాళ్ల చేతిమీద చూడనక్కర్లేదా? చెరువు గట్టునే కేకలు పెట్టాను. బాతులు దూరంగా పోయాయి.

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "సారీ అమ్మా. నీకు చెప్పకుండా మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రేపే క్యాన్సిల్ చేస్తాను."

సరే అనబోయాను. వాచీ తప్పని తేలింది. అంతమాత్రాన నా బుర్ర సరిగ్గా ఉందని తేలినట్టా? తేలినట్టేనని ఇంకెవరైనా వాదిస్తే వేదిక దిగనిచ్చేదాన్ని కాదు.

"ఉండనీ," అన్నాను. "వెళ్దాం."

తిరుగుదారిలో అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. కుచ్చిళ్లు నేలమీద ఈడ్చుకుపోతున్నాయి.