వెనక నుంచి పిలవకూడదు

రెజిమెంటల్ బజార్‌లో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. కంటికి కనబడనిదాన్ని దేన్నైనా నమ్మానంటే అది కరెంటు ఒక్కటే. ఎవరైనా దయ్యాలు, గాలి సోకడాలు అని మొదలుపెడితే టీ తెప్పించి మాట మార్చేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మా అక్క స్కూల్లో సోషల్ టీచర్‌గా పనిచేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పెళ్ళి చేసుకోలేదు, చిలకలగూడలో మాతోనే ఉంటుంది. సర్వీసంతా బోర్డు మీద ఎర్ర సుద్దతో అగ్నిపర్వతం బొమ్మ గీసింది గానీ, ఒక్కదాన్ని కూడా కళ్ళారా చూడలేదు. రిటైరయ్యాక నన్ను అడిగిన కోరిక అదొక్కటే. ఇండోనేషియాలో బ్రోమో అని ఒకటుంది, చుట్టూ నేషనల్ పార్కు. పోదాం పద అన్నాను.

అక్కకు పట్టింపులెక్కువ. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదంటుంది. మనం ఏదైనా మరిచిపోయి గేటు దాటామా, పక్క సందులోంచి చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా నిలబడి చెబుతుంది. ప్రయాణం రోజు నేను గడప దాటాక, నా మంకీ క్యాప్ కొక్కేనికే వేలాడుతుండటం మా ఆవిడ చూసింది. అక్కకు భయపడి పిలవలేదట. ఎయిర్‌పోర్టుకు చేరాక ఫోన్ చేసి చెప్పింది. చలికి చస్తావని అక్క దారి పొడుగునా మొత్తుకుంటుందని, ఆ సంగతి నేను అక్కకు చెప్పలేదు.

విమానాలు మారి సురబయలో దిగాం. అక్కడి నుంచి కారులో కొండ మీది ఊరికి చేరాం. పైకి పోయేకొద్దీ క్యాబేజీ తోటలు, ఎముకలు కొరికే చలి. పార్కులోకి బయటి కార్లు రానివ్వరు, అక్కడి జీపులోనే పోవాలి. అందరూ తెల్లవారకముందే పోతారు. అక్క మోకాలి నొప్పి వల్ల మేం మధ్యాహ్నం బయలుదేరాం. మంచు వచ్చేస్తుందని డ్రైవర్ చేతులతో చూపిస్తూనే ఉన్నాడు. కనుచూపు మేరంతా నల్లటి ఇసుక. జీపు దిగినప్పటి నుంచీ నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఎందుకో తెలియదు, ఎప్పుడెప్పుడు వెనక్కి పోదామా అనే ఉంది.

అక్క మాత్రం కొండ మెట్లన్నీ ఎక్కి, అగ్నిపర్వతం నోటి అంచున నిలబడి, లోపలి నుంచి లేచే పొగను చూసి ఏడ్చింది. "ఇన్నేండ్లు మస్తు చిన్నగ గీసిన రా," అంది.

దిగేసరికి మోకాలు పట్టేసింది. జీపుకూ మెట్లకూ మధ్య జనాన్ని మోసే గుర్రాలవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. కొండ కింద ఒక గుడి ఉంది. దాని గోడ పక్కన అక్కను కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, డ్రైవర్‌ను తోడు తెచ్చుకుందామని జీపు దగ్గరికి నడిచాను. నేను జీపు చేరేలోపే మంచు కమ్మేసింది. చేయి చాపితే వేళ్ళు కనబడలేదు. డ్రైవర్ నా చేయి పట్టుకుని ఆపాడు, హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. కొంతసేపు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. హారన్ మోత వీపు వెనకే ఉండేలా చూసుకుంటూ పరుగెత్తాను.

గుడి గోడ దగ్గర అక్క లేదు. అరిచాను, ఎదురుగాలికి గొంతు నాకే వినబడలేదు. వంగి చూస్తే ఇసుకలో కాలు ఈడ్చుకుంటూ నడిచిన అడుగులున్నాయి. ఆ అడుగులు జీపు వైపు కాకుండా ఇంకో దిక్కుకు పోయాయి. వాటిని పట్టుకునే పోయాను.

చాలా దూరం పోయాక, మంచు కాస్త పలచబడ్డ చోట అక్క వీపు కనిపించింది. గబగబా కుంటుతూ పోతోంది. వెనక నుంచి పిలవకూడదన్న మాట ఆ కంగారులోనూ గుర్తొచ్చింది. అయినా పిలిచాను.

అక్క ఆగి తిరిగింది. నన్ను చూసింది, మళ్ళీ ముందుకు చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"నువ్వు ఇటుదిక్కుకెల్లి ఎట్లొస్తున్నవ్ రా? నెత్తి మీద టోపీ ఏది?"

తను నిలబడ్డ చోటికి కొద్ది అడుగుల అవతల వాన నీళ్ళు కోసిన గండి ఉంది. దాని లోతు కనబడలేదు.

జీపులో కూర్చున్నాక చెప్పింది. నేను మంచులోంచి వచ్చానట, మంకీ క్యాప్ పెట్టుకుని ఉన్నానట, తన వంక చూడకుండా ముందు నుంచి నడిచిపోయానట. "హారన్ ఇనొచ్చింది. నువ్వు ముంగటనే ఉన్నవ్ గదా, మనది గాదనుకున్న. జెర ఆగుమందామనుకున్న గని, ఎనకకెల్లి పిలుసుడు మంచిది గాదని ఊకున్న."

దారి తప్పిన వేరే టూరిస్టు అయ్యుంటాడని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అక్క ముందు ఇసుక మీద ఎవరి అడుగులూ లేవు. గాలికి చెరిగిపోయాయంటే, అక్క అడుగులు ఎందుకు చెరగలేదు? ఇంటికొచ్చి చూస్తే టోపీ కొక్కేనికే ఉంది. తీసి దులిపాను. ఒక్క ఇసుక రేణువు కూడా రాలలేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు. నా కోసమే ఏదో కారణం అల్లుకోబోతాను, సగంలోనే తెగిపోతుంది.

ఇప్పుడు నేను షాపుకు బయలుదేరి గేటు దాటగానే అక్క వెనక నుంచి పిలుస్తుంది. పనేమీ ఉండదు. నేను తిరిగి ముఖం చూపిస్తే, "సరే, పోయిరా," అంటుంది. మొన్న ట్రాఫిక్ మోతలో వినబడక నేను తిరగలేదు. ఆ మోకాలితోనే, చెప్పులు కూడా లేకుండా, వీధి చివరిదాకా పరుగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో నా ముఖం పట్టుకుని చూసింది.

"నువ్వేనారా?" అంది.