వెళ్ళిపోయే ముందు ఆఖరి చూపు

వెబ్‌సైటుకి వచ్చినవాళ్ళని ఊరికే పోనివ్వకుండా ఏదో ఒకటి కొనిపించడం నా ఉద్యోగం. వైశాలి నగర్‌లో ఒక మందుల దుకాణం పైగదిలో కూర్చుని ఈ పని చేస్తాను. చీరల కొట్టువాళ్ళు, కోచింగ్ సెంటర్లవాళ్ళు, పరుపులు అమ్మేవాళ్ళు, అందరిదీ ఒకటే గోల: జనం వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. ఆ పోయేవాళ్ళని ఆపే మాటలు రాయడం నా వంతు. హిందీలో అలాంటి మాటలు నాకన్నా బాగా రాసేవాళ్ళు భిలాయిలో లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు తెలుగు దాకా పాకడమే చిక్కయింది. నేను పుట్టి పెరిగింది సెక్టర్ 6 క్వార్టర్లలో, చదివింది హిందీలో. తెలుగు మాకు ఇంట్లో మాట. అక్షరాలు మా అమ్మ వేసవి సెలవుల్లో చెవి మెలేసి నేర్పింది. అందుకని తెలుగు రాయగలను గానీ, నా బుర్రలో మాట ముందు హిందీలో పుట్టి, తర్వాత తెలుగు చొక్కా తొడుక్కుని బయటికి వస్తుంది.

నేను అత్తా అని పిలిచే ఆవిడ మాకు చుట్టం కాదు. మా నాన్నా, ఆవిడ భర్తా ఒకే షిఫ్టుకి సైకిళ్ళ మీద ఉక్కు ప్లాంటుకి పోయేవారు. మా అమ్మ నర్సు. నేను బడి నుంచి వచ్చేసరికి మా ఇంటికి తాళం ఉండేది, అత్త ఇంటి తలుపు తీసి ఉండేది. పదేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నాను. గడప తొక్కినవాళ్ళని ఉత్తి చేతులతో పంపడం ఆవిడకి చేతకాదు. మీటరు చూడ్డానికి వచ్చిన మనిషికి కూడా కాగితంలో రెండు అరిసెలు చుట్టి ఇచ్చేది. మావయ్య పోయాక ఇప్పుడు భిలాయిలోనే రుఆబాంధాలో చిన్న ఇంట్లో ఒక్కర్తే ఉంటోంది, ఆవకాయ పెట్టి అమ్ముతోంది.

ఆవిడ బెల్లం ఆవకాయ తినని తెలుగువాళ్ళు మా సెక్టర్‌లో లేరు. కానీ రిటైరైనవాళ్ళు రిటైరైనట్టు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్ళిపోయారు. "కొనీవోలంతా రైలెక్కీసినారు. ఆ కంప్యూటరు కొట్టేదో నాకూ ఒకటి పెట్టీయే గుంటా" అంది ఒకరోజు. పెట్టాను.

ఆవిడకి అసలు కావలసింది అమ్మకం ఒక్కటే కాదని నాకు తెలుసు. సెక్టర్‌లో ఉన్నప్పుడు అత్త పక్క క్వార్టర్‌లో ఒకావిడ ఉండేది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. బెల్లం ఆవకాయ అత్తకి నేర్పింది ఆవిడే. ఒక ఉగాదికి మా తెలుగువాళ్ళ వంటల పోటీలో అత్తకి మొదటి బహుమతి వచ్చింది. మైకు ఇస్తే కంగారులో అందరికీ దండాలు పెట్టి దిగిపోయింది గానీ, వదిన నేర్పిందన్న ఒక్క మాట అనలేదు. ఆ మర్నాటి నుంచి గోడకి అటూ ఇటూ మాటల్లేవు. తర్వాత ఆవిడ విజయనగరం వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు కూడా మారిపోయింది.

అందుకని సాయంత్రం ఫోన్ చేసినప్పుడల్లా అత్త అడిగేది ఇదే.

"ఇయేల ఎవులైనా వచ్చినారేటి?"

"చాలామంది వచ్చారత్తా."

"ఇజీనారం నుంచి?"

"అక్కణ్ణుంచి కూడా వచ్చారు. చూసి వెళ్ళిపోయారు."

"ఇంటికొచ్చినోలు ఉత్తి సేతుల్తో ఎల్లిపోతే నువ్వేటి సేస్తన్నావే? మంచినీలైనా ఇచ్చినావా?"

నవ్వేదాన్ని. నవ్వుతూనే సిగ్గుపడేదాన్ని. ఊళ్ళోవాళ్ళ పరుపులు అమ్మించగలిగిన నేను, నాకు అన్నం పెట్టినావిడ ఆవకాయ అమ్మించలేకపోయాను.

మా పనిలో ఒక కిటుకు ఉంది. వచ్చినవాళ్ళు పేజీ మూసి పోబోతుండగా తెర మధ్యలో ఒక చీటీ లేస్తుంది, ఆగండి ఆగండి అన్నట్టు. చీరల కొట్టుకి హిందీలో రాసిన చీటీ బాగా పనిచేసింది: జానే సే పహలే ఏక్ ఆఖరీ నజర్. దాన్నే తెలుగులో పెట్టాను. "వెళ్ళిపోయే ముందు ఆఖరి చూపు." కింద ఇంకో ముక్క: "అత్తమ్మ చేతి ఆవకాయ. ఇక ఇవే మిగిలాయి." పైన గుండ్రంగా అత్త ఫోటో. ఆవకాయ ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడాలని, సీసాకి రంగు ఉంచి ఆవిడ మొహాన్ని నలుపు తెలుపు చేశాను. ఎంత ముచ్చటగా వచ్చిందోనని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తెలుగులో చదువుకున్న పసిపిల్ల అయినా చెప్పేది. నాకు తట్టలేదు.

రెండో రోజు నుంచే ఆర్డర్లు మొదలయ్యాయి. బొబ్బిలి, పార్వతీపురం, విశాఖ. అత్త సంబరం చూడాలి. ప్రతి పార్సెల్‌లోనూ తన చేత్తో, తారీకూ ఫోన్ నంబరూ వేసి, ఒక చీటీ రాసి పెట్టేది: "తడి చెంచా పెట్టకండి. ఉప్పు చూసి చెప్పండి." నేను చిరునామాలు అంటించేదాన్ని.

ఆర్డరు కింద, ఏమైనా చెప్పాలనుకుంటే రాయమని ఒక ఖాళీ గడి ఉంటుంది. మామూలుగా ఎవరూ ఏమీ రాయరు. ఇప్పుడు రాస్తున్నారు. "మంచి మనిషి." "కుటుంబానికి మా సానుభూతి." ఒకాయన రాశాడు: "మా పెళ్ళైన కొత్తలో ఆవిడే మాకు అన్నం పెట్టింది. రెండు సీసాలు పంపండి. ఒకటి తినకుండా దాచుకుంటాం."

అది చదివాక నా చీటీని మళ్ళీ చూశాను, ఈసారి తెలుగులో. చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా పోతే, నాన్న చొక్కా వేసుకుంటూ అనేవాడు, ఆఖరి చూపుకి వెళ్ళొస్తాను అని. నవ్వుతున్న మనిషికి దండ ఒక్కటే తక్కువగా పెట్టి ఊరందరికీ కబురు పంపాను.

అంతవరకూ పొరపాటు. పొరపాటుకి ఇంత బాధపడక్కర్లేదు. తర్వాత చేసిందే నన్ను ఇప్పటికీ తింటోంది.

వెంటనే తీసేయలేదు. మా వృత్తిలో ఏదైనా అనుమానం వస్తే సగం మందికి ఒక మాట, సగం మందికి ఇంకో మాట చూపించి ఏది పనిచేస్తుందో చూస్తాం. అదే చేశాను. సగం మందికి చీటీ సరిచేసి, అత్త ఫోటో రంగుల్లో పెట్టాను. ఆ సగం మందీ ఎప్పటిలాగే చూసి వెళ్ళిపోయారు. నలుపు తెలుపు అత్తని చూసినవాళ్ళు కొన్నారు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? మంచి చీటీని తీసేసి, అబద్ధపు చీటీని అందరికీ పెట్టేశాను. అత్త కోసమే కదా, కొత్త కాయ సీసాలన్నీ పోయేదాకే కదా అనుకున్నాను. నిజానికి గెలవడం బావుంది నాకు.

ఆ వారంలోనే విజయనగరం నుంచి ఒక ఆర్డరు వచ్చింది, ఎవరో కుర్రాడి పేరుతో. గడిలో ఇలా ఉంది: "వదిన ఇంటివాళ్ళకి. ఒక్క సీసా చాలు. బెల్లం ఆవకాయ నేను నేర్పినదే గానీ, నాకన్నా ఆవిడే బాగా పెట్టేది. ఈ మాట ఆవిడ ఉన్నప్పుడు చెప్పలేకపోయాను. పక్క క్వార్టర్ ఆవిడ అంటే గుర్తుపడతారు."

అత్త ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. ఒక్క ఫోన్ చేసి చదివితే చాలు. కానీ చదివితే, ఉన్నప్పుడు అన్న ముక్క కూడా చదవాలి. ఆ సాయంత్రం అత్త ఎప్పటిలాగే అడిగింది. "ఇజీనారం నుంచి ఎవులైనా వచ్చినారేటి?"

"ఎవరో కుర్రాడు కొన్నాడత్తా" అన్నాను.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పార్సెళ్ళ కోసం రుఆబాంధా వెళ్ళాను. అత్త వరండాలో కూర్చుని ఆవకాయ కలుపుతోంది, చేతులు మోచేతుల దాకా కారం. ఫోన్ మోగితే నన్నే ఎత్తమంది. ఎత్తి స్పీకర్ పెట్టాను.

అవతల ఒక ముసలి గొంతు. "ఎవులు మాటాడుతున్నారు?"

"నేనే. మీరెవులు?" అంది అత్త.

అవతల ఒక్కసారిగా ఏడుపు. ఏడుస్తూనే మాటలు. "సీసాలో సీటీ ఉందే. నీ దస్తూరీయే. పాత సీటీ అనుకున్నాను గాని, తారీకు మొన్నటిది. నువ్వు ఉన్నావేటి వదినా?"

అత్త చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. "ఉండకేటి? ఎక్కడికెల్తాను?"

"నీ దినమని పదకొండు రోజులు నీసు ముట్టనేదే నేను! గుడిలో దీపం ఎట్టినాను. మావోడు తిట్టినా ఇననేదు."

అత్త ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోబోతే నేను ఆవిడ పైట చెంగు అందించాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఉప్పు తక్కువైందని ఆవిడ, నువ్వెప్పుడూ ఎక్కువే తింటావని ఈవిడ. కానీ రాసిన మాట మాత్రం ఆవిడ నోటితో అనలేదు. బతికున్న మనిషితో అనడం కష్టం కాబోలు.

ఫోన్ పెట్టేశాక అత్త నా వైపు చూసింది. "నేను పోయినానని ఎవులు సెప్పినారే దానికి?"

చీటీ చూపించాను. చేతులు కడుక్కుని చదివి, తలకొట్టుకుని, "పిచ్చి గుంటా, ఇలగా రాస్తారేటి" అని నవ్వింది. అక్కడితో ఊరుకుంటే పొరపాటుగానే పోయేది. కానీ ఆ నవ్వు చూశాక ఊరుకోలేకపోయాను. నాకు ముందే తెలుసని చెప్పాను. సగం మంది మీద పెట్టి చూసిన సంగతి చెప్పాను. విజయనగరం ఆవిడ రాసింది తీసి చేతికిచ్చాను.

అత్త పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"ఇదెప్పుడొచ్చింది?"

"రెండు వారాలైంది."

"అది నాకోసం నీసు మానేసి దీపాలెడతంటే నువ్వు ఊరుకున్నావు."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కొన్నవాళ్ళందరికీ అక్కడే కూర్చోబెట్టి రాయించింది, ఒక్కొక్క అక్షరం చెప్పి మరీ. "నేను బతికే ఉన్నాను. నేను పోయాననుకుని కొన్నట్టయితే సీసా వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను." అందరికీ పంపి, చీటీ తీసేసేసరికి ఎండ తగ్గింది.

"వస్తానత్తా" అన్నాను.

"ఊఁ" అంది.

స్కూటరు దగ్గరికి వచ్చి, హెల్మెట్ కోసం వెతుకుతున్నట్టు కాసేపు నిలబడ్డాను. హెల్మెట్ చేతిలోనే ఉంది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోంచి బయల్దేరితే వెనక నుంచి ఒక కేక వినబడేది, ఉండవే అని. గిన్నెలో ఏదో ఒకటి వచ్చేది, లేకపోతే రెండు జామకాయలైనా. లోపల అత్త మళ్ళీ ఫోన్ అందుకుంది. వదినతో ఉప్పు గురించి గట్టిగా దెబ్బలాడుతోంది. ఆ గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు.

ఇంకొంచెంసేపు ఆగి, ఉత్తి చేతులతోనే వచ్చేశాను.