ఇనుము తీసేసిన జాగా

కార్వాన్‌లోని ఆ ఖాళీ జాగాకు పొద్దున ఆరింటికి చేరాం. రాత్రి వాన పడి ఆగింది. నేల మెత్తగా ఉంది. మూడు పక్కల ఇళ్లు, నాలుగో పక్క పాత రాతిగోడ. మర్నాడు పునాదులు తవ్వుతారు. సలీం భాయ్ బతిమాలితే యజమాని ఒక్కరోజు గడువిచ్చాడు. ఏం దొరికినా తనకు చూపించాలన్నాడు.

సలీం భాయ్‌ది పాత నాణేల పిచ్చి. నేను ఫౌజులో మందుపాతరలు వెతికి తీసే దళంలో పనిచేసి, రిటైరై యాకుత్‌పురాలో ఇంటిపట్టున ఉంటున్నాను. ఖాళీగా ఉన్నవాణ్ణి ఆయన ఊరకే వదులుతాడా?

"ఈ జాగను మస్తుమంది జల్లెడ పట్టిన్రు భాయ్. ఇంకేం లేదంటున్రు. నువ్వు ఫౌజీవి గదా, జర దేఖో."

"వాళ్లు ఇడిసిపెట్టింది నేను తీస్త. ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆ గొప్పలే నా కొంప ముంచాయి.

నా పద్ధతి సులువు. లోహం తగిలితే మోగే మిషన్‌తో వెతుకుతాం. నేలలో ఇనుము ఎక్కువుంటే దాని మోతలో రాగి నాణెం సన్నని సద్దు వినబడదు. ముందొచ్చినవాళ్లు ఇనుము మోగగానే చిరాకుపడి వెళ్లిపోయారు. ఫౌజులో మాకా వీలు లేదు. ఏది మోగినా తీయాలి. ఒక్కటి వదిలినా వెనకొచ్చేవాడి కాలు పోతుంది. అందుకని ముందు ఇనుమంతా ఏరేయాలనుకున్నాను.

గోడ పొడవునా, దాని పక్క నేలలో తుప్పుపట్టిన మేకులు దిగి ఉన్నాయి. ఒకటి మాత్రం రైలు పట్టాలకు కొట్టే లావుపాటి మేకు. దాని మీద వాడిన బంతిపూలు ఉన్నాయి. సరిహద్దులో అయితే ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారని ఆగేవాణ్ణి. ఇది మన ఊరే కదా అని పూలను కాలితో పక్కకు నెట్టాను. మేకులన్నీ పీకి బకెట్లో వేశాను. తవ్విన చోటల్లా మట్టి కప్పి చదును చేశాను. పని శుభ్రంగా ఉండాలి మాకు.

మధ్యాహ్నానికి రాగి మోగడం మొదలైంది.

"సలీం భాయ్, ఈడ ఒకటి!"

"అరే వాహ్! నిషాన్ పెట్టు, నిషాన్ పెట్టు!"

నాణెం దొరికిన ప్రతిచోటా చిన్న జెండా పాతాను. ఇనుము తీసిన చోట పాతలేదు. చెత్తకు గుర్తెందుకు?

సాయంత్రం బాలమణమ్మ వచ్చింది. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి అమ్ముకునే మనిషి, అరవై దాటాయి. గోడ దగ్గర అటూ ఇటూ తిరిగి నా వైపు చూసింది.

"ఈడ రైలు మొల ఉండె గదా బిడ్డా, ఏది?"

బకెట్ చూపించాను. చెయ్యి పెట్టి ఆ లావుపాటి మేకును ఒక్కసారికే పైకి తీసింది.

"నా కొడుకు పురిట్లనే పోయిండు. మా గల్లీల పసిపోరలను ఈ గోడ పొంటే బొంద పెడుతుండిరి. గాలి సోకకుంట తలకాడ ఇనుము కొడ్తరు. మా ఆయన రైల్వేల పనిచేస్తుండె, ఇది ఆయన తెచ్చి కొట్టిండు. రేపు పునాది తోడ్తరంట గదా. పిడికెడు మన్ను తీస్కపోయి ఆయన సమాధిల కలుపుదామని వచ్చిన. ఏడికెళ్లి తీసినవ్ బిడ్డా?"

గోడ వైపు చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా నేను చదును చేసిన మట్టే. సిగ్గుతో చచ్చిపోయాను.

"యాది లేదమ్మా. నిషాన్ పెట్టలే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"నీ మిషిన్ పెట్టి చూడరాదు? అది చెప్తది గదా."

అక్కడ మోగడానికి ఉన్నది ఆ ఇనుమొక్కటే. అది ఆమె చేతిలో ఉంది.

"సచ్ బోల్ దో భాయ్," అన్నాడు సలీం భాయ్ నెమ్మదిగా.

నిజం చెప్పలేకపోయాను. మిషన్ తీసుకుని గోడ వెంట నడిచాను. ఆమె మేకును గుండెకు ఆనించుకుని నా వెనకే వచ్చింది.

"మోగిందా?"

"లేదమ్మా."

"ఇప్పుడు?"

గోడ చివరిదాకా వచ్చేశాం. నా బూటు ముందు భాగంలో ఇనుప రేకు ఉంటుంది. మిషన్‌ను దాని పక్కకు జరిపాను. గట్టిగా మోగింది.

"ఈడనే అమ్మా."

ఆమె కూలబడిపోయింది. మట్టిని రెండు చేతులతో నిమిరింది, పసివాడి తల నిమిరినట్టే. పిడికెడు తీసి కొంగున ముడేసుకుంది.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర బండి దిగి, మిషన్ సలీం భాయ్ చేతికే ఇచ్చేశాను. మళ్లీ పట్టలేదు. ఆమె ముందు నిజం చెప్పి ఉండాల్సిందా, లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. సరిహద్దులో చూసినవి చాలావరకు మరిచిపోయాను. ఇది మాత్రం పోదు: ముడి వేసుకున్నాక ఆమె ఇంకాస్త ముందుకు వంగి, వద్దమ్మా అంటున్నా వినకుండా, నా బూటును ముట్టుకుని ఆ చేతిని కళ్లకు అద్దుకుంది.