షతా పడవకు డీజిల్ మూతి

ఉస్తా దెస్సూకి బిగించిన గొట్టం కారిందని నైలు ఒడ్డున మా ఎజ్బత్ అల్ బుర్జ్‌లో ఎవరైనా అంటే, జనం ఆ అన్నవాడినే ఎగాదిగా చూస్తారు. నలభై ఏళ్ళుగా ఈ ఒడ్డున నీళ్ళలోకి దిగిన పడవల్లో సగానికి పైగా డీజిల్ ట్యాంకు, గొట్టాలు, డెక్కు మీద డీజిల్ పోసే మూతి అతని చేతిపనే. ఉస్తా అంటే మాలో పనిలో ఆరితేరిన మేస్త్రీ. నా పేరు తుల్బా, వడ్రంగిని. డెక్కు చెక్కలో కన్నం నేను కోస్తాను, అందులో మూతిని అతను కూర్చోబెడతాడు.

మూతి కొనడానికి దెస్సూకితో కొట్టుకు వెళ్ళినవాడు ఆ పూటకి ఇంకో పని పెట్టుకోకూడదు. పై మెరుపు నమ్మడు. వెనక్కి తిప్పి ఆకురాయితో గీకి లోపల ఏ లోహముందో చూస్తాడు. మూతను ముప్పైసార్లు తిప్పి, మర ఎక్కడైనా పట్టేస్తుందేమోనని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. కొట్టువాడు విసుక్కుంటే, "నీ కూతుర్ని అడగడానికి రాలేదులేవయ్యా, కంగారుపడకు" అంటాడు. గొట్టానికి ఈ చివర రెండు క్లిప్పులు, ఆ చివర రెండు. ఒకటి చాలదా అని యజమాని అన్నాడో, సామాను సర్దేసుకుంటాడు. డీజిల్ పోసేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా మూతి నుంచి ట్యాంకుకు తీగ లాగనిదే అతని పని ముగియదు. వీటన్నిటికీ మించిన నియమం ఇంకొకటి ఉంది. చేపల పడవకు మూతి డెక్కు మీద జానెడెత్తు దిమ్మ మీద ఉండి తీరాలి, ఎందుకంటే డెక్కు మీద ఎప్పుడూ నీళ్ళే.

ఆ నియమాన్ని రయ్యీస్ షతా కొత్త పడవ దగ్గర దెస్సూకే తప్పాడు. షతా మా ఊళ్ళో పేరున్న రయ్యీస్, అంటే సరంగు. దెస్సూకికి చిన్ననాటి స్నేహితుడు.

"డెక్కు మీద ఆ దిమ్మ మాత్రం వద్దు ఉస్తా. పాత పడవలో దానికి తగులుకుని ఎన్ని వలలు చిరిగాయో నా భార్యనడుగు, కుట్టలేక చచ్చింది" అన్నాడు షతా.

ఎవరో విదేశీయుడి షికారు పడవకు తెప్పించగా మిగిలిపోయిన మూతి ఒకటి దెస్సూకి దగ్గరుంది. చెక్కతో సమంగా, అద్దంలా కూర్చునే స్టీలు మూతి. స్నేహితుడికి కానుకగా ఇవ్వాలని మోజు పడ్డాడు. షికారు పడవ డెక్కు మీద చేపలు కడగరని అతనికి తెలియదా? తెలుసు. మోజు ముందు తెలివి ఏపాటిది!

ఇక నా సంగతి. "కొంచెం పైకి జరిపి కొయ్యి, తుల్బా. ఇక్కడ వాలు" అన్నాడు దెస్సూకి. పైన అడ్డదూలం ఉంది. దాన్ని తప్పించి కొయ్యాలంటే రోజు పని. వాలులో అయితే గంట. మర్నాడు పండగ. "ఇక్కడే బాగుంటుందిలే" అని కోసేశాను.

ఆ చలికాలం షతా పడవ సార్డీను చేపలతో తిరిగొస్తుంటే, సరిగ్గా నది సముద్రంలో కలిసేచోట, కెరటాలు విరిగే వేళ ఇంజను ఆగిపోయింది. పడవను కెరటం రాళ్ళకేసి కొట్టింది. ఇంజను చూసే ఫిక్రి చేతివేళ్ళు మూడు నలిగిపోయాయి. ప్రాణాలు దక్కడమే గొప్ప. షతా ఇంజను కింద డీజిల్ వడపోత గిన్నె విప్పితే సగం నీళ్ళే. నాలుక మీద వేసుకు చూశాడు. ఉప్పగా లేవు. సముద్రపు నీళ్ళు కాకపోతే మరెక్కడివి? డీజిల్ అమ్మినవాడే కలిపాడని ఊరు తేల్చేసింది.

అమ్మినవాడు అవద్. చిన్న బల్లకట్టు మీద పీపాలు పెట్టుకుని పడవ పడవకూ తిరిగి డీజిల్ పోసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు నుంచి అతన్ని పిలిచిన పడవ లేదు. బజారులో అతని భార్యను చూసి, "నువ్వు పులుసులో కూడా నీళ్ళే పోస్తావా?" అని నవ్వారు.

పడవ బాగుచెయ్యడానికి ఒడ్డుకెక్కించినప్పుడు దెస్సూకి ఆ మూత విప్పాడు. పక్కన నేనే ఉన్నాను. రబ్బరు వలయం కింద సార్డీను పొలుసులు ఇరుక్కుని ఉన్నాయి. మూత బిగిసినట్టే ఉంటుంది, పట్టదు. చేపల మీద ఐసు కరిగిన నీళ్ళు వాలుకు వచ్చి మూత మీదే నిలిచి, చుక్క చుక్కగా ట్యాంకులోకి దిగాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దెస్సూకి దాన్ని ఊడదీసి నదిలోకి విసిరాడు. కొత్త కంచు మూతిని దిమ్మ మీద, పైచోట బిగించాడు. పాత కన్నాన్ని నేను పూడ్చాను. ఎక్కడుండేదో కన్నతల్లి కూడా పోల్చుకోలేనంత బాగా పూడ్చాను. పాత మూతి రాళ్ళ దెబ్బకు పోయిందనుకున్న షతా, మేం కూలి పుచ్చుకోలేదని ఊరంతా చెప్పుకున్నాడు.

ఓ మధ్యాహ్నం అవద్ మా దగ్గరకొచ్చాడు. "ఉస్తా, నువ్వొక్కడివి చెప్తే చాలు. ఆ పడవలో ఏం జరిగిందో చూసి చెప్పు. నీ మాట వాళ్ళకి శాసనం."

"గొట్టాలన్నీ చూశాను అవద్. ఏదీ కారట్లేదు" అన్నాడు దెస్సూకి.

అది నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం అతను జన్మలో ఆడలేదు.

తర్వాత ఏడు నెలల్లో దెస్సూకి చిక్కి సగమయ్యాడు. మసీదులో వెనక వరసకు మారాడు. అవద్ ఎదురైతే సందు తిరిగిపోయేవాడు. తనెప్పుడో బిగించిన మూతలన్నీ, ఎవరూ పిలవకుండానే పడవలెక్కి విప్పి చూసేవాడు. "ఉస్తాకి చాదస్తం ముదిరింది" అని కుర్రకారు ముద్దుగా నవ్వుకునేది. అవద్ ఊరు వదిలి బురుల్లుస్ వైపు పోతున్నాడని తెలిసిన సాయంత్రం దెస్సూకి టీకొట్టు మధ్యలో నిలబడ్డాడు. షతా ఉన్నాడు, ఫిక్రి ఉన్నాడు, మూలన ఒంటరిగా అవద్ ఉన్నాడు.

"అవద్ నీళ్ళు కలపలేదు. నీళ్ళు నేను బిగించిన మూతిలోంచి దిగాయి. నాకు తెలుసు, తెలిసే దాచాను" అన్నాడు.

షతా లేచి వచ్చి అతని తల ముద్దుపెట్టుకున్నాడు.

"చూశారా, మనిషంటే వీడు! పక్కవాడి కూడు పోతుందని నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు!"

"కాదు రయ్యీస్, దేవుడి తోడు..."

"ఒట్టెయ్యకు, పాపం చుట్టుకుంటుంది. నీ పని మాకు తెలీదా?"

"అవద్, లేచి ఉస్తా చెయ్యి ముద్దుపెట్టుకోరా. నీలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు ఫిక్రి.

దెస్సూకి ఏడ్చినంత పని చేశాడు. "తుల్బాని అడగండి! కన్నం కోసింది తనే, పూడ్చిందీ తనే!"

అందరూ నా వైపు తిరిగారు. షతా రెండో పడవకు అడుగుదూలం వేసి అప్పటికి వారమైంది, నా ముంగిట్లోనే. నా ఇద్దరు కొడుకులూ ఆ పని మీదే ఉన్నారు. ఆ వాలు, ఆ అడ్డదూలం, ఆ పండగ ముందురోజు, అన్నీ నా కళ్ళ ముందున్నాయి.

"ఏమో రయ్యీస్. ఎన్ని పడవలో, ఎన్ని కన్నాలో. నాకు గుర్తులేదు" అన్నాను.

కొట్టంతా గొల్లున నవ్వింది. "అబద్ధం చెప్పడం కూడా చేతకాదు మా ఉస్తాకి!" అన్నాడు షతా. అవద్ నవ్వలేదు. నన్నొకసారి చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండ్రోజులకు భార్యతో ఊరు దాటిపోయాడు. బల్లకట్టు ఎవరికో ఇచ్చేశాడట.

టీకొట్టులో ఆ మాట అన్న మర్నాడే దెస్సూకి ఎప్పటిలా పనికి వచ్చాడు. నేను తలెత్తలేదు. మధ్యాహ్నం దాకా చూసి, "తిట్టవేం?" అని నేనే అడిగాను.

"తిట్టడానికి నా మొహమేం బాగుంది? అవద్ అడిగినప్పుడు నేను చెప్పిన మాటే నిన్న నువ్వూ చెప్పావు. ఒక్కటే తేడా తుల్బా. నేను చెప్పిన రోజుకి వాడికింకా ఊరుంది."

ఇది జరిగి నాలుగేళ్ళయింది. దెస్సూకి కిందటేడు పోయాడు. జనాజా వెంట షతా నడుస్తూ, పక్కవాడి కోసం నింద మోసిన మహానుభావుడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను అతని పక్కనే నడిచాను. ఇంకా చెప్పలేదు.